నా ముందు మాట్లాడటం మానేసిన మా వాళ్లకు

పెద్ద మామయ్యకు, చిన్న మామయ్యకు, పెద్దత్తయ్యకు, పిన్నికి, బాబాయికి, బావలకు, వదినలకు, బందరులోనూ హైదరాబాదులోనూ డాలస్‌లోనూ ఉన్న మా తరం వాళ్లందరికీ నమస్కారం.

విడివిడిగా ఫోను చేస్తే "అబ్బే, మాకేం కోపం లేదమ్మా" అంటున్నారు. కోపం లేనివాళ్లు అంత తొందరగా ఫోను పెట్టేయరు. ఇంటి విషయాలు కథలుగా రాసి వీధిలో పెడుతున్నానన్నది నా మీద మీ అభియోగం. అలాంటప్పుడు జవాబు కూడా వీధిలోనే చెప్పుకోవడం న్యాయంగా ఉంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న మాఘంలో పిన్ని కొడుకు గృహప్రవేశానికి విజయవాడ వచ్చాను. మేడ మీద గదిలో చాప పరిచి అందరూ తాంబూలం సంచులు సర్దుతున్నారు. రెండు ఆకులు, వక్కపొడి పొట్లం, అరటిపండు, రవిక గుడ్డ. పెద్దత్తయ్య తన వియ్యపురాలి గురించి ఏదో చెబుతోంది. మెట్ల మీద నుంచే వినిపిస్తోంది, మంచి రసపట్టులో ఉంది. నేను గుమ్మంలో అడుగు పెట్టాను. మాట ఆగిపోయింది. ఒక్క క్షణం తర్వాత పెద్దత్తయ్య, "ఈసారి ఎండలు ముందే వచ్చేశాయి కదా" అంది. మాఘమాసం, పొద్దున ఎనిమిదింటికి, కిటికీలోంచి చూస్తే మంచులో ఎదురిల్లు కనబడటం లేదు. అందరూ తలలూపారు. అవునవును, ఎండలే ఎండలు.

వదిన కూతురు మాత్రం, దానికి ఏడేళ్లు, "అమ్మా, ఈ అత్త రాసేస్తుందనే ఆపేశారా?" అని అడిగేసింది. దాన్ని బయటికి పంపించారు. నేను కూర్చుని నూట యాభై సంచులు సర్దాను. నూట యాభై సంచులకూ ఎండల గురించే మాట్లాడుకున్నాం.

ఆ ఎండ నాకు ఇంకా తగ్గలేదు.

నేను కథలు నేర్చుకున్నది పుస్తకాల్లోంచి అని మీలో కొందరు అనుకుంటున్నారు. కాదు, మీ చేతి పనుల్లోంచి. మన ఇళ్లలో ఎవరూ ఊరికే కూర్చుని కథ చెప్పలేదు. చింతపండులో గింజలు తీస్తూ చెప్పారు, గోంగూర తుంచుతూ చెప్పారు, బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పారు. చేతులకు పని దొరికితే మా అమ్మ నోట్లోంచి ఎన్నాళ్ల మాటైనా బయటికి వచ్చేది. ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే, "ఏముందే, ఏం లేదు" అనేది. ఇప్పుడు మన శుభకార్యాలకు కేటరింగు వాళ్లు వస్తున్నారు, గింజలు తీసిన చింతపండు ప్యాకెట్లలో వస్తోంది. మాట్లాడుకోవడానికి మనకు మిగిలిన పని ఆ తాంబూలం సంచులొక్కటే. అక్కడ కూడా నన్ను చూసి ఆపేస్తే నేను ఎక్కడికి పోవాలి?

ముందుగా చిన్న ఫిర్యాదులు తేల్చేస్తాను. నా కథలో వాడేసిన పెళ్లి కవర్లు చించి వెనకవైపు లెక్కలు రాసుకునే పిసినారి తానేనని పెద్ద బావ ఊరంతా చెప్పుకుంటున్నాడట. బావా, ఆ మనిషిని ముగ్గుర్ని కలిపి చేశాను, అందులో ఎక్కువ పాళ్లు నేనే. నా కథలన్నీ మొదట రాసేది కరెంటు బిల్లుల వెనకే. ఇక నన్ను ఒక్క కథలోనూ పెట్టలేదని అలిగిన చిన్న వదిన ఫిర్యాదు న్యాయమైనదే, పరిశీలనలో ఉంది.

పెద్ద ఫిర్యాదు ఉప్పెన కథ గురించి. అసలు కోపమంతా అక్కడే ఉందని నాకు తెలుసు.

ఈ ఉత్తరం చదివే బయటివాళ్ల కోసం కాస్త చెప్పాలి. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలిపోతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేల దివిసీమ. కోడూరు దాటాక మా అమ్మమ్మగారి ఊరు. 1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్లి వారం దాటింది, కార్తీక మాసం, సార్వా వరి కోతకు వచ్చి ఉంది. అంతకు వారం ముందే ఒక తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది. రేడియోలో మళ్లీ తుఫాను అంటుంటే ఇది కూడా అటే పోతుందిలే అనుకున్నారట. అటు పోలేదు. బయటి ఊళ్లలో దాన్ని దివిసీమ తుఫాను అంటారు. మా వైపు ఎవరూ తుఫాను అనరు. గాలీ వానా ఎన్నో చూశారు వాళ్లు. ఆ రోజు సముద్రం లేచి ఊళ్ల మీదికి నడిచి వచ్చింది, అందుకని ఉప్పెన అంటారు. "ఉప్పెనకు ముందు పుట్టాడు", "ఉప్పెన తర్వాత కొన్న పొలం" అని కాలాన్ని కూడా దానితోనే కొలుస్తారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పదివేల మందికి పైగా పోయారు.

మా అమ్మమ్మగారిది ఆ పేటలో ఒక్కటే డాబా ఇల్లు. కింద హాలు, రెండు గదులు, పైన ఒక గది. చుట్టూ ఉన్నవన్నీ తాటాకు ఇళ్లు. తాతయ్య గోనె సంచులు కొనడానికి బందరు వెళ్లాడు. ఇంట్లో అమ్మమ్మ, పెద్ద మామయ్య, చిన్న మామయ్య, పిన్ని, పురిటికి పుట్టింటికి వచ్చిన మా అమ్మ, ఆరేళ్ల నేను ఉన్నాం. పెద్దత్తయ్య అప్పటికి మా ఇంటి కోడలు కాలేదు. అయినా ఆ రాత్రి సంగతి ఆవిడ చెప్పినంత కళ్లకు కట్టినట్టు మా ఇంట్లో ఇంకెవరూ చెప్పలేరు. ఇది ఎత్తిపొడుపు కాదత్తయ్యా, నిజంగానే మెచ్చుకోలు.

మన ఇంట్లో ఆ కథ ఇలా నడుస్తుంది: నీళ్లు వస్తున్నాయని తెలియగానే అమ్మమ్మ తలుపులు బార్లా తెరిచి పేటలో వాళ్లందరినీ లోపలికి పిలిచింది. పెద్ద మామయ్య లెక్కలో నూరు మంది, పిన్ని లెక్కలో అరవై. పెళ్లిళ్లలోనూ దినాల్లోనూ నేను వింటూ పెరిగింది ఈ కథే.

నేను రాసింది వేరు. నా కథలో అమ్మమ్మ తలుపుకు గడియ వేసి ఉంటుంది. బయటివాళ్లు తడతారు. ఆమె వెంటనే తీయదు. తర్వాత తీస్తుంది.

ఆదివారం అనుబంధంలో కథ వచ్చిన రోజు సాయంత్రం పెద్ద మామయ్య ఫోను చేసి, "నువ్వు ఆరేళ్ల పిల్లవి, నీకేం తెలుసు" అన్నాడు. అవును మామయ్యా, నాకేమీ తెలియదు. నాకు గుర్తున్నవి రెండే. పై గదిలో ధాన్యం బస్తాల మీద నన్ను పడుకోబెట్టారు, తడిసిన గోనె వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నిద్ర వస్తుంది. రెండోది గడియ చప్పుడు. అది బరువైన కర్ర గడియ, గోడలోంచి లాగి అడ్డంగా వేసేది. ఆ చప్పుడు రెండుసార్లు విన్నాను. ఆ రెండు చప్పుళ్ల మధ్య ఎంతసేపు అని అడిగితే ఆరేళ్ల పిల్ల చెప్పలేదు.

అందుకే పెద్దవాళ్లను అడిగాను. గాలికి తలుపు ఊడి వస్తుంటే వేసిన గడియ అది, రెండు నిమిషాల్లో తీశామని మామయ్య చెప్పాడు. అసలు గడియే వేయలేదని పిన్ని. మా అమ్మను అడిగితే పొట్లకాయ గీరుతూ, "వేసింది, తీసింది" అని ఊరుకుంది.

మీరెవరూ ఎప్పుడూ అడగని మనిషిని ఒకాయన్ని కూడా అడిగాను. అప్పట్లో మన ఇంట్లో పాలేరుగా ఉన్నాయన కొడుకు. ఆ రాత్రి ఆయనకు పదేళ్లుంటాయి, ఇప్పుడు అవనిగడ్డలో ఉంటాడు. ఎంతసేపు నిలబడ్డారన్నా అని అడిగితే కాసేపు ఆలోచించి, "ఎంతసేపని చెప్పనమ్మా, గడియారం ఎవరికుంది? మేము తట్టినప్పుడు నీళ్లు నా మోకాళ్ల దగ్గరున్నాయి. తీసేసరికి నడుము దాకా వచ్చాయి" అన్నాడు. చెబుతున్నప్పుడు చేతిని మోకాలి దగ్గర పెట్టి, తర్వాత నడుము దగ్గర పెట్టాడు. ఇప్పటి తన నడుము దగ్గర కాదు, అప్పటి తన ఎత్తుకు తగ్గట్టు కిందికి.

కథలో నేను రాసింది ఆ చెయ్యి. "వాళ్ల మాట పట్టుకుని మన ఇంటి పరువు తీస్తావా" అని పెద్ద బావ అన్నాడని విన్నాను. బావా, తలుపు బయట ఎంతసేపు గడిచిందో లోపలున్నవాళ్లు చెప్పలేరు. బయట నిలబడ్డవాళ్లనే అడగాలి.

అమ్మమ్మను నేను చెడ్డదాన్ని చేశానని మీ బాధ. నాకు అలా అనిపించలేదు. మొగుడు ఊళ్లో లేడు. ఇంట్లో నిండు గర్భిణి కూతురు, చిన్న పిల్లలు. బయట గాలి ఎలా ఉందంటే తలుపు తీస్తే మళ్లీ వేయగలమో లేదో తెలియదు. ఆ తలుపు వెనక నిలబడి ఆమె ఏమనుకుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. మామయ్య చెప్పినట్టు అది గాలి కోసం వేసిన గడియే కావచ్చు, మనుషుల కోసమూ కావచ్చు, రెండూ కావచ్చు. మీరు చెప్పే కథలో అమ్మమ్మకు భయం లేదు. భయం లేని మనిషి తలుపు తీస్తే అందులో చెప్పుకోవలసింది ఏముంది?

ఇంకొకటి మీ అందరికీ తెలిసిందే చెబుతాను. ఉప్పెన తర్వాత, 1994లో పోయేదాకా, అమ్మమ్మ ఆ హాల్లో గుమ్మం పక్కనే నులక మంచం వేసుకుని పడుకుంది. రాత్రి తలుపు దగ్గరగా వేసేది, గడియ పెట్టనిచ్చేది కాదు. దొంగలు వస్తారే అంటే, "నేనున్నాగా" అనేది. ఆమెకు గాలి కావాలని అలా పడుకునేదని మీరు మాకు చెప్పారు. అలాగే సంక్రాంతి రాకముందే, ఇంకా తినడానికి సరిగా గింజలు లేని రోజుల్లోనే, హాలు గోడ మీద నీళ్లు నిలిచిన గీత కనబడకుండా వెల్ల వేయించిందట. దాన్ని ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం అన్నారు. కావచ్చు.

కథలోంచి గడియ తీసేయమని, ఎప్పుడైనా పుస్తకంగా వేస్తే అప్పుడైనా మార్చమని పెద్ద మామయ్య కబురు పెట్టాడు. గడియ తీయమని! ఆ రాత్రి బయటున్నవాళ్లు అడిగిందీ ఆ మాటే. నా వరకు నేను తీయను మామయ్యా, క్షమించు.

అయితే కథలో ఒక తప్పు ఉంది. దాన్ని మీలో ఎవరూ పట్టుకోలేదు, నేనే పట్టుకున్నాను. ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అది.

అమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె నా దగ్గరికి వచ్చింది. ఈ మధ్యే అడుగున పరిచిన కాగితాలు తీశాను. పాత కేలెండరు కాగితాలు. అమ్మ అలవాటు మీకు తెలుసు. కేలెండరు ఆమెకు తిథులు చూసుకోవడానికి కాదు, రాసుకోవడానికి. పాల లెక్క, చాకలి పద్దు, గేదె ఎప్పుడు ఈనింది, ఎవరు వచ్చి వెళ్లారు, అన్నీ ఆ గడుల్లోనే. నెల అయిపోగానే ఆ కాగితం చింపి అరలో పరిచేది, లేదా ఎవరి పుస్తకానికో అట్ట వేసేది. నేనూ అంతే అయ్యాను. మా వంటింట్లో కేలెండరు చూస్తే 4న గ్యాసు బండ, 9న మా అత్తగారి బీపీ మాత్రలు, 15న "తలుపు కథ, చివర మార్చాలి" అని ఉంటాయి. మా ఆయన 15న తలుపు బాగుచేయించాలేమోనని వడ్రంగికి ఫోను చేశాడు కూడా.

ఆ కాగితాల్లో 1977 నవంబరు ఉంది. పై గదికి వెళ్లే మెట్ల మలుపులో మేకుకు వేలాడేది కాబట్టి నీళ్లు దాని దాకా రాలేదు. కింది అంచు మాత్రం చెమ్మకు ముడతలు పడి ఉంది. పురిటికి వచ్చినప్పటి నుంచీ ఇంటి పాల లెక్క అమ్మే రాసేది, అమ్మమ్మకు చదువు రాదు కనుక. ఒక్కో గడిలో "పొ" అని పొద్దుటి సోలలు, "సా" అని సాయంత్రపు సోలలు, వాడికగా పోయించుకునే ఇళ్ల మొదటి అక్షరాలు. పెన్సిలు గీతలు, అక్షరం చీమ తలంత. ఒకటో తేదీ నుంచి గడులన్నీ అలాగే నిండుగా ఉన్నాయి. 19 గడిలో "పొ 5" ఉంది. "సా" లేదు.

20 ఆదివారం, ఎర్ర అంకె. ఆ గడిలో పాల లెక్క లేదు. అమ్మ రాత మాత్రం ఉంది: "38 గంజి."

23లో "నాన్న వచ్చారు." 25న కార్తీక పున్నమి, పున్నమి బొమ్మ తప్ప ఏమీ లేదు. మిగతా గడులన్నీ ఖాళీ. గేదెలు లేవు కదా, ఏం రాస్తుంది?

ముప్ఫై ఎనిమిది. నూరు కాదు, అరవై కాదు. నేను కథలో ఎంత రాశానో తెలుసా? నూట పది. మామయ్య చెప్పిన నూరు తీసుకుని, గుండ్రటి అంకె అయితే కథలో అబద్ధంలా కనిపిస్తుందని పైన పది నేనే కలిపాను. పన్నెండడుగుల గదిలో బస్తాలతో పాటు నూట పదిమంది ఎలా పట్టారని మీలో ఒక్కరూ అడగలేదు. గడియ మీద ఇన్ని ఫోన్లు వచ్చాయి, అంకె మీద ఒక్క ఫోనూ రాలేదు. గొప్ప పెరిగితే అది ఇంటి పరువే కదా, ఎవరు అడ్డుపడతారు.

ఆ ముప్ఫై ఎనిమిదిలో మనం కలిశామో లేదో తెలియదు. గడియ మళ్లీ వేశాక ఇంకెవరైనా తట్టారేమో కేలెండరులో లేదు. మర్నాడు మిగిలిన బియ్యంతో గంజి కాచి లెక్కపెట్టి పోసినప్పుడు గిన్నెల కోసం వేసుకున్న అంకె అది. అందుకే దాన్ని నమ్ముతున్నాను. పుస్తకంలో నూట పది పోయి ముప్ఫై ఎనిమిది వస్తుంది. మార్పు అడిగారు కదా, ఈ మార్పు చేస్తాను.

ఇక నా వైపు నుంచి కొన్ని మాటలు. ఊరు మారుస్తాను, పేర్లు ఎలాగూ పెట్టను, వృత్తులు మారుస్తాను. పిన్ని ఆపరేషను సంగతి, చిన్న బావ ఉద్యోగం సంగతి లాంటివి బతికున్నవాళ్ల సొంతం, వాటి జోలికి ఇంతవరకూ వెళ్లలేదు, ఇకమీదట కూడా వెళ్లను. కథ అచ్చుకు ముందు మీకు చూపించమంటే మాత్రం చూపించను. చూపిస్తే మీరు దిద్దుతారు, మీరు దిద్దితే అందులో అందరూ మంచివాళ్లయిపోతారు, అది ఎవరు చదువుతారు? నన్ను తిట్టదలచుకుంటే కథ వచ్చాక తిట్టండి. కానీ నన్ను చూసి ఎండల గురించి మాట్లాడకండి. పెద్దత్తయ్యా, ఆ వియ్యపురాలి సంగతి సగంలో ఆగిపోయింది. నాలుగు నెలలుగా ఆవిడ నా తలలో ఆ గుమ్మం దగ్గరే చేతిలో పళ్లెంతో నిలబడి ఉంది. ఆ తర్వాత ఏమైంది?

ఇప్పుడు అసలు పని. నవంబరు కాగితం ఫొటో తీసి అందరికీ పంపిస్తున్నాను. డిసెంబరు కాగితం నా దగ్గర లేదు, ట్రంకు పెట్టె మొత్తం తిరగేశాను. పాల లెక్క మళ్లీ ఎప్పుడు మొదలైందో, ఎవరి గేదెతో మొదలైందో అందులో ఉంటుంది. ఆ నెలలోనే మా తమ్ముడు పుట్టాడు. వాడు పుట్టిన సమయం అమ్మ రాసింది ఆ కాగితం మీదే. వాడి జాతకంలో ఉన్న సమయం తాతయ్య తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పింది, తాతయ్య గుర్తు సంగతి మనకు తెలుసు.

చిన్న మామయ్యా, ఆ ఏడు నువ్వు పదో తరగతి. ఉప్పెన తర్వాత నీకు కొత్త పుస్తకాలు ఇచ్చారని, వాటికి అమ్మే అట్టలు వేసిందని నువ్వే ఒకసారి నాకు చెప్పావు. నువ్వు ఏదీ పారేయవని అత్తయ్య ఎప్పుడూ సణుగుతుంది. అటక మీద నీ లెక్కల పుస్తకం ఉంటే ఒకసారి అట్ట విప్పి లోపలి వైపు చూడు. చింపకుండా, మెల్లగా. గోధుమ జిగురు కాబట్టి కాస్త తడి గుడ్డ పెడితే వచ్చేస్తుంది.